కూడలిలో కూర్చున్న విద్యార్థులు



కొన్ని వారముల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు వెళ్ళిపోయిన తరువాత ఒక తల్లి గుడి అరుగుమీద మా కొరకు కనిపెట్టుకొని యున్నది. ఆమె కుమారుడు నంద్యాలలో ఇంజినీరింగు ముగించి, ఆస్ట్రేలియా దేశములోని మెల్‌బోర్న్ పట్టణములో పై చదువునకు సీటు తెచ్చుకొన్నాడు. ఉన్న మూడు ఎకరములలో రెండు ఎకరములు తాకట్టు పెట్టారు. మిగిలినది బ్యాంకు ఋణము. వీసా కొరకు ప్రార్థన చేయించుకొనుటకు వచ్చినదని మేము తలంచాము. అయితే ఆమె మోకాళ్ళూనక ముందే ఒక ప్రశ్న అడిగినది.

"అయ్యగారూ, ఆడ మా పిల్లోనికి ఏమన్నా అయితే అడిగేటోళ్లు ఎవరుండారు?"

ఏమో చెప్పి, ప్రార్థించి పంపినాము. ఆమె వెళ్ళిపోయినది గాని ఆ ప్రశ్న మాతో కూడ ఇంటికి వచ్చినది. ఒకప్పుడు పాములపాడునుండి పిల్లలు చదువునకు వెళ్ళినయెడల కర్నూలుకో, హైదరాబాదుకో వెళ్ళేవారు. జ్వరమనో, హాస్టలులో గొడవయనో కబురు వచ్చినయెడల తండ్రి తువాలు భుజాన వేసికొని రాత్రి బస్సెక్కేవాడు. తెల్లవారేసరికి వార్డెను ముందు నిలువబడేవాడు. మెల్‌బోర్న్‌కు ఏ తండ్రి బస్సెక్కగలడు?

ఆ పట్టణము పేరు వినగానే మాకు 2009వ సంవత్సరము జ్ఞాపకము వచ్చును. వేదాంత విద్య డిప్లొమా ముగించి మేము పరిచర్యలోనికి వచ్చిన క్రొత్త దినములు అవి. ఆ మే నెలలో టీవీలన్నిటిలో ఒకటే వార్త. మన ఆంధ్రప్రదేశ్‌నుండి వెళ్ళిన విద్యార్థి ఒకడు మెల్‌బోర్న్‌లో స్నేహితుల విందులో ఉండగా, పిలువని కొందరు కుర్రవాండ్రు లోపలికి వచ్చి స్క్రూడ్రైవరుతో పొడిచారు. అతడు స్పృహ లేక రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రిలో పడియున్నాడు. మన యిండ్లలో స్క్రూడ్రైవరు ఫ్యాను బిగించుటకు వాడు వస్తువు. అందుచేతనే గాబోలు ఆ వార్త విన్న తల్లులు ఆ మాటనే మరల మరల పలికారు. దేవుని దయవలన ఆ యువకుడు బ్రదికినాడు.

 మే 31వ తేదీ ఆదివారమునాడు వేలకొలది విద్యార్థులు ఆ ఆసుపత్రి వద్దనే కూడుకొన్నారు. వారిని పిలిచినది 'ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ స్టూడెంట్స్ ఆఫ్ ఆస్ట్రేలియా' అను విద్యార్థుల సంఘము. అక్కడనుండి పార్లమెంటు భవనము వరకు నడిచి, పిమ్మట ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషను ఎదుటి కూడలిలో రోడ్డుమీదనే కూర్చున్నారు. ట్రాములు ఆగిపోయినవి. రాత్రి గడచిన తరువాత పోలీసులు వారిని లేవదీశారు, కొందరిని పట్టుకొనిపోయారు.

ఆ కూడలికి అంతకు ముందే ఒక కథ ఉన్నది. 2008 ఏప్రిల్‌లో భారతదేశమునుండి వచ్చిన ఒక టాక్సీ డ్రైవరును ఎవరో పొడిచి రోడ్డు ప్రక్కన వదలివేశారు. చదువుకొనుచు రాత్రులు టాక్సీ తోలేవారు అక్కడ మనవారిలో చాలమంది. వారందరు టాక్సీలను తెచ్చి అదే కూడలిలో అడ్డముగా నిలిపి, చొక్కాలు విప్పి, చలిలో దాదాపు ఒక రోజంతయు కూర్చున్నారు. ప్రభుత్వము దిగివచ్చి డ్రైవరుకు వెనుక అడ్డుతెరలు పెట్టించుటకును, రాత్రివేళ కిరాయి ముందుగానే తీసికొనుటకును ఒప్పుకొన్నది. కావున మరుసటి సంవత్సరము విద్యార్థులకు ఎక్కడ కూర్చోవలెనో తెలిసియున్నది.

వారు అంతగా ఏమి అడిగారని మీరనవచ్చును. అక్కడ మన పిల్లలు ఎట్లు బ్రదికేవారో తెలిసికొంటే అది అర్థమగును. అద్దెలు తక్కువని పట్టణమునకు దూరముగా ఉండు పేటలలో ఒక గదిలో నలుగురైదుగురు ఉండేవారు. పగలు తరగతులు. వారమునకు ఇరువది గంటలు మాత్రమే పని చేయవచ్చునను చట్టము. ఆ పని హోటలులోనో, పెట్రోలు బంకులోనో, రాత్రి వేళలలోనే దొరికేది. అర్ధరాత్రి చివరి రైలు దిగి, జనము లేని వీధులలో నడిచి ఇల్లు చేరవలెను. దోచుకొనువానికి ఇంతకంటె అనుకూలమేమి? ఇట్టి దాడులు పెరుగుచుండగా ఒక పోలీసు అధికారి ఇచ్చిన సలహా ఏమనగా, రైళ్ళలో మీ భాషలో గట్టిగా మాట్లాడకుడి, ఖరీదైన వస్తువులు పైకి కనబడనీయకుడి అని. జాగ్రత్త కొరకే చెప్పియుండవచ్చును. అయినను దెబ్బ తిన్నవానినే నోరు మూసికొమ్మని చెప్పినట్లుగా విద్యార్థులకు తోచినది. మాకును అట్లే తోచుచున్నది. వారు అడిగినది రాత్రివేళ స్టేషన్లలో కాపలా, ఉండుటకు తగిన వసతి, ఫిర్యాదు చేసినయెడల వినువాడొకడు.

ఇంకొక సంగతి. ఆ రోజులలో బొగ్గు, ఇనుప ఖనిజముల తరువాత ఆస్ట్రేలియాకు విదేశములనుండి ఎక్కువ సొమ్ము తెచ్చినది విదేశీ విద్యార్థుల చదువే. 2009లో భారతదేశపు విద్యార్థులే అక్కడ లక్షకు పైగా నమోదైయుండిరి. మన మండలములోని బానకచర్ల రెగ్యులేటరు వద్ద గేట్లు ఎత్తిన కృష్ణ నీరు తెలుగుగంగలో పడి మద్రాసు వరకు పోవునని మీకు తెలుసు. అక్కడ కొళాయి త్రిప్పువారిలో ఎంతమందికి బానకచర్ల పేరు తెలియును? మన చేలు తాకట్టు పెట్టిన సొమ్ము కూడ అట్లే ఆ దేశమునకు పారుచుండెను. ఆ సొమ్ము ఎవరిదో, ఆ పిల్లవాడు రాత్రి ఏ రైలులో ఇంటికి పోవుచున్నాడో అడుగు అలవాటు అక్కడివారికి లేకపోయెను.

అందరును విద్యార్థుల పక్షమున నిలిచారని తలంచవద్దు. అక్కడ ముందే స్థిరపడి యిండ్లు వాకిండ్లు ఏర్పరచుకొనిన మనవారిలో కొందరికి ఈ రోడ్డుమీద కూర్చొనుట నచ్చలేదు. మనకు చెడ్డపేరు వచ్చుచున్నదని వారి భయము. విద్యార్థులలోను తప్పులు జరిగినవి. అదే జూన్‌లో సిడ్నీ దగ్గర హారిస్ పార్కులో కొందరు కర్రలు పట్టుకొని వేరే జాతి యువకులమీదికి పోయారు. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టుటకు అధికారము పొందినాడని మేము ఒప్పుకొనము. మన టీవీలు కూడ ప్రతి దొంగతనమును జాతి ద్వేషమేయని కేకలు వేసినవి. అమితాబ్ బచ్చన్‌గారు అక్కడి ఒక విశ్వవిద్యాలయము ఇవ్వబోయిన గౌరవ డాక్టరేటును వద్దన్నారు. ఆ వార్తకు దొరికిన స్థలము ఆ విద్యార్థుల కోరికలకు దొరకలేదు.

అయితే ఆ కూర్చొనుట వ్యర్థము కాలేదు. 2009 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వము వివిధ దేశముల విద్యార్థి ప్రతినిధులను కాన్‌బెర్రాకు పిలిచి వారి నోటనే వారి కష్టములు విన్నది. అక్కడి సెనేటు సంఘము విచారణ జరిపి నవంబరులో నివేదిక ఇచ్చినది. నేరము వెనుక ద్వేషమున్నదా అని శిక్ష విధించునప్పుడు న్యాయాధిపతి చూడవలెనని విక్టోరియా రాష్ట్రము చట్టము చేసినది. ఆ రెండేండ్లలోనే వంట పనియు క్షురక వృత్తియు నేర్పుదుమని ఫీజులు గుంజిన ప్రైవేటు కళాశాలలు అనేకము ఉన్నట్లుండి మూతబడగా, పిల్లలు వీధిన పడ్డారు. దాని ఫలితముగా 2011లో ప్రైవేటు కళాశాలల విదేశీ విద్యార్థుల ఫిర్యాదులు వినుటకు ఒక అంబుడ్స్‌మన్ ఏర్పడినాడు. 2012లో, కళాశాల మూతబడినయెడల వేరొక చోట సీటైనను కట్టిన ఫీజులో మిగిలినదైనను ఇప్పించు 'ట్యూషన్ ప్రొటెక్షన్ సర్వీస్' వచ్చినది. 2010లోనే అన్ని దేశముల విద్యార్థులకును కలిపి ఒక జాతీయ విద్యార్థి సమాఖ్య ఏర్పడినది.

వీటన్నిటిలో మా మనస్సునకు పట్టినది బస్ పాసు. మన ఆర్టీసీ బస్సులో పాసు చూపి కళాశాలకు పోవు పిల్లలను ప్రతి ఉదయము మన బస్టాండులో చూచుచున్నాము గదా. మెల్‌బోర్న్‌లో అదే బెంచీమీద కూర్చున్న ఇద్దరిలో ఆ దేశపు విద్యార్థికి ట్రాములో తగ్గింపు టికెట్టు, విదేశీ విద్యార్థికి పూర్తి టికెట్టు. ఫీజు మాత్రము విదేశీయునికే ఎక్కువ. ఏండ్ల తరబడి విద్యార్థి సంఘములు దీనిని గూర్చి అడుగుచునే యున్నవి. చివరకు 2015లో, పథకములో చేరిన విద్యాసంస్థల వారికి సంవత్సరపు పాసుమీద సగము తగ్గింపు దొరికినది. స్క్రూడ్రైవరు పోటునకు ప్రపంచమంతయు కదిలినది గాని, ట్రాము టికెట్టు కొరకు ఓపికగా ఏండ్లు అడిగినవారెవరో మనకు తెలియదు. తగ్గింపు టికెట్టు తన జేబులో ఉండగనే, లేనివాని కొరకు సంతకము పెట్టిన ఆ దేశపు పిల్లలు కూడ వారిలో ఉండిరి.

బేత్లెహేము పొలములలో రూతు పరిగె ఏరుకొన్న కథ మీకు తెలిసినదే. ఆమె ఎంత కష్టపడినను, ఆ ఊరివాడును పొలము గలవాడునైన బోయజు తన పనివారితో ఒక మాట చెప్పకపోయినయెడల ఆమె కొంగులో ఎన్ని గింజలు పడియుండును? పరదేశి తన కొరకు తాను మాట్లాడుట ఒకటి. ఆ ఊరివాడు అతని కొరకు మాట్లాడుట మరియొకటి.

ఇంతవరకు వ్రాసి మేము కలము ఆపినాము. మన పిల్లలను గూర్చి వ్రాయుట సులభము. మన మధ్యకు వచ్చిన ఇతరుల పిల్లల సంగతి ఏమి?

2016 జనవరి 31న బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఒక సూడాన్ దేశపు విద్యార్థి నడిపిన కారు క్రింద పడి స్థానికురాలొకామె చనిపోయినది. గుంపు కూడినది. అర్ధగంట తరువాత ఆ దారిన వేరొక కారులో వచ్చిన టాంజానియా విద్యార్థినికి ఆ ప్రమాదముతో ఏ సంబంధమును లేదు. ఆఫ్రికావారని చూచి కారునకు నిప్పు పెట్టారు, ఆమెను కొట్టి అవమానపరచారు. ఆమె ప్రాణభయముతో బస్సెక్కబోగా లోపలివారు త్రోసివేశారని పత్రికలు వ్రాసినవి. ఆ బస్సులో మనవంటి కుటుంబస్థులే యుండిరి. ఆమె పక్షమున దేశమంతట ఆఫ్రికా విద్యార్థుల సంఘము గొంతెత్తినది, విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్‌గారు విచారము తెలిపారు. మెల్‌బోర్న్ వార్తకు కన్నీరు పెట్టిన మన సంఘములో ఈ వార్తకు ప్రార్థన కూడ జరుగలేదు. ఆ సంఘ కాపరి మేమే.

మన సంఘపు అమ్మాయి ఒకతె హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయములో ఎమ్మెస్సీ చదువుచున్నది. ఆమె హాస్టలులో ఆఫ్రికాలోని మలావి దేశమునుండి వచ్చిన విద్యార్థిని ఉన్నది. దసరాకును సంక్రాంతికిని మెస్సు మూయబడును. మన పిల్లలు ఇండ్లకు పోదురు. విదేశపు పిల్లలు ఎక్కడికి పోవుదురు? గదిలో పొయ్యి పెట్టుకొనకూడదు, బయటికి పోయినయెడల ఆటోవాడు రెట్టింపు కిరాయి అడుగును, దారిన పోవు కుర్రవాండ్రు వెనుకనుండి ఏదో అందురు. ఆ పదిదినములు వారు బ్రెడ్డును అరటిపండ్లును తిని గడిపేవారు. మన అమ్మాయికి రెండేండ్లవరకు ఇది తెలియదు. ఒకసారి పండుగనుండి రెండు దినములు ముందుగా తిరిగి వెళ్ళి కన్నులార చూచినది.

ఆమె ఒక తెల్లకాగితముమీద అర్జీ వ్రాసి గది గదికి తిరిగినది. మొదట సంతకము పెట్టినవారు తొమ్మండుగురు. "వాళ్ళ సంగతి నీకెందుకు?" అన్నవారే ఎక్కువ. వార్డెను వద్దకు మూడుసార్లు వెళ్ళినది. మొదటిసారి నియమము లేదన్నారు, రెండవసారి వంటవారు లేరన్నారు. మూడవసారి ఆమె, వంటవారు అక్కరలేదు, ఒక గదియు ఒక గ్యాసు పొయ్యియు చాలును, శుభ్రము చేసి తాళము అప్పగించు బాధ్యత నాది అని వ్రాసి ఇచ్చినది. ఇప్పుడు సెలవులలో ఆ పొయ్యి వెలుగుచున్నది. ఇంతే ఆమె చేసినది. ఏ పత్రికలోను పడలేదు.

పోయిన క్రిస్మస్‌కు ఆ అమ్మాయి తన స్నేహితురాలిని మన ఊరికి తీసికొని వచ్చినది. ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. విదేశమునుండి అతిథి వచ్చినదని మేము ఎంతో హడావుడి చేశాము. స్త్రీలందరు చాపలమీద కూర్చుండగా ఆమెకు మాత్రము ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించాము. దండ వేశాము. మైకులో ఆమె దేశము పేరు తప్పుగా పలికాము. పిల్లలు ఆమె జడలు ముట్టి చూచి పరుగెత్తారు. వెనుకనుండి ఎవరో ఆమె రంగును గూర్చి ఒక మాట అని నవ్వారు. మేము విని విననట్లు ప్రసంగములోనికి వెళ్ళిపోయాము. ఆ పూట ప్రసంగము సత్రములో స్థలము లేకపోవుటను గూర్చియే. ఆరాధన పిమ్మట అందరు వరుసగా వచ్చి ఆమెతో ఫోటో దిగారు.

వెళ్ళునప్పుడు మన అమ్మాయి మాతో నెమ్మదిగా చెప్పినది. "అయ్యగారూ, రెండు దినాలుంటే ఆయమ్మతో ఎవురూ మాట్లాడ్లేదు. అందరూ చూసినారు, అంతే."

అప్పుడు మాకు ఎప్పుడో చదివిన ఒక సంగతి గుర్తుకు వచ్చినది. 1909లో న్యూయార్కులో హ్యారీ ఎడ్మండ్స్ అను వై.ఎం.సి.ఎ. పనివాడు కొలంబియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయము మెట్లమీద ఎదురైన ఒక చైనా విద్యార్థికి ఊరక శుభోదయము చెప్పి ముందుకు నడిచాడు. ఆ విద్యార్థి ఆగిపోయి ఆయనకు కృతజ్ఞత చెప్పినాడు. ఆ పట్టణమునకు వచ్చి మూడు వారములైనది, తనతో మాటాడిన మొదటి మనిషి ఆయనేయట. ఎడ్మండ్స్ ఇంటికి పోయి భార్యతో ఆ మాట చెప్పినాడు. వారు ఆదివారపు సాయంత్రములు విదేశీ విద్యార్థులను తమ యింట భోజనమునకు పిలువసాగారు. ఇల్లు చాలక సంఘముగా ఏర్పడి, చివరకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన ధనముతో 1924లో అక్కడ 'ఇంటర్నేషనల్ హౌస్' అను పెద్ద వసతి గృహము తెరువబడినది. ఆ భవనము నేటికిని ఉన్నది. మేము ఆ సంగతిని ప్రసంగములో ఉదాహరణగా ఎన్నిసార్లు చెప్పియున్నామో లెక్కలేదు. మా గుడిలో, మేము వేయించిన కుర్చీలో, అటువంటి అమ్మాయి రెండు దినములు కూర్చొని వెళ్ళినది.

ఆ తల్లి ప్రశ్నకు మరల వచ్చెదము. మేము ఆమె కుమారుని పిలిపించి మన అమ్మాయితో ఫోనులో మాట్లాడించాము. ఆమె ఆ పిల్లవానికి చెప్పిన సంగతులను మేము ప్రక్కన కూర్చొని వ్రాసికొన్నాము. మీ పిల్లలకును పనికివచ్చును. చేరిన మొదటి వారములోనే విశ్వవిద్యాలయపు విద్యార్థి సంఘము కార్యాలయము ఎక్కడనో వెదకి పేరు వ్రాయించుకొనవలెను, ఆపద వచ్చిన తరువాత కాదు. ఆపదలో ఫోను నంబరు మూడు సున్నలు. చదువు జరుగు దినములలో రెండు వారములకు 48 గంటలకు మించి పని చేయరాదు, 2023 జూలైనుండి అది నియమము. లెక్కలో చూపక చేతికి డబ్బిచ్చెదనను యజమాని జీతము ఎగవేసినయెడల అడుగుట కష్టము. పాసుపోర్టు ఎవరి చేతిలోను ఉంచకూడదు. విశ్వవిద్యాలయముమీద ఫిర్యాదు ఉన్నయెడల 2025 ఫిబ్రవరినుండి అక్కడ 'నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్' పనిచేయుచున్నాడు, విదేశీ విద్యార్థియు అడుగవచ్చును, రుసుము లేదు. తల్లి ఈ మాటలన్నియు విని, "అయితే అడిగేటోళ్లు ఉండారన్న మాట" అని, కాసేపు ఊరకుండి, "మనోడు పోయి అడగాల గదా" అన్నది. వాడు మాటలు తక్కువ పిల్లవాడు. అదే ఆమె దిగులు.

మలావి అమ్మాయి ఈ క్రిస్మస్‌కు మరల వచ్చుచున్నది. విదేశీయులను ఇంట ఉంచుకొనువారు 24 గంటలలోగా ఆన్‌లైనులో ఫారం నింపి తెలుపవలెను. పోయినసారి అది మన అమ్మాయియే చేసినది, ఈసారి మేము నేర్చుకొనుచున్నాము. ఆ దేశములో మొక్కజొన్న పిండితో వండుకొను 'న్సిమా' అచ్చము మన సంగటి వంటిదేనట, చేతితోనే ముద్ద చేసికొని తిందురట. ఈ సంగతి పోయిన ఏడాది ఎవరును అడుగలేదు గనుక మాకు తెలియలేదు. ఈసారి కుర్చీ వేయవద్దని మా యింట్లోవారు గట్టిగా చెప్పారు. చాపమీద వారి ప్రక్కనే కూర్చుండునట. పండుగ ముందటి సాయంత్రము మా వంటింట్లో సంగటి గెలుకు కట్టె ఆమె చేతికే ఇచ్చెదరట. మొక్కజొన్న పిండి మెత్తగా ఆడించవలెనా, రవ్వగానా అని కనుగొనుమని మమ్మును ఇప్పటికి రెండుసార్లు అడిగారు. ఈ రాత్రి ఫోను చేయవలెను.